గంగులప్ప వేషం, రెడ్డెప్ప అంగడి

నటన నేర్పమని మా ఇంటికి వచ్చే పిల్లలను నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మీరు బాగా అనుకరించే మనిషి ఎవరు?" అంటాను. వాళ్ళు వెంటనే లేచి నిలబడి కాలేజీ లెక్చరరునో, పెదనాన్ననో, టీ అంగడి ఆయననో దింపేస్తారు. బాగా చేస్తారు కూడా, అబద్ధం చెప్పకూడదు. అప్పుడు రెండో ప్రశ్న వేస్తాను. "ఆ మనిషి ముందు ఎప్పుడైనా చేశారా?" చాలామంది నేల చూస్తారు.

ఇరవై ఏళ్ళకు పైగా టీవీలోనూ సినిమాల్లోనూ జనాన్ని నవ్వించి బతికాను. ఏ అవార్డు ఎప్పుడు వచ్చిందో, ఏ పెద్ద హీరో నా భుజం మీద చేయి వేశాడో ఇక్కడ రాయను. అవన్నీ ఫొటోలుగా మా హాలు గోడ మీద ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి దుమ్ము తుడిచి చూసుకోవచ్చు. ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు నా దగ్గర పనికొచ్చేది ఏదైనా ఉంటే అది నేను చేసిన ఒక తప్పు. దాన్ని చెబుతాను. పని సంగతులు దారిలో అవే వస్తాయి.

ఎదురెదురు అంగళ్ళు

మా ఇల్లు పుంగనూరులో, నాన్న అంగడి మదనపల్లె బజారు వీధిలో. తాళ్ళు, మోకులు, చాటలు, గంపలు అమ్మేవాళ్ళం. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాళ్ళం. డిగ్రీలో ఇంగ్లీషు తప్పి నాన్న పక్కన కూర్చున్న ఆ రోజుల్లో నాకు ఉన్న వినోదం ఒక్కటే. అది ఎదురుగా ఉన్న రెడ్డెప్ప మామ పాత్రల అంగడి.

రెడ్డెప్ప మామ మాకు చుట్టం కాదు. నాన్నకు స్నేహితుడు, అందుకని మామ. పొట్టి మనిషి, ఎప్పుడూ తెల్ల చొక్కా. ఆయన మొహం మీద నవ్వు చూసినవాళ్ళు బజారులో ఎవరూ లేరు. ఆయన వ్యాపారం చేసే పద్ధతి కూడా ఎవరికీ లేదు. గిరాకీ వస్తే వస్తువు చూపించేవాడు కాదు. ముందు విచారణ మొదలుపెట్టేవాడు.

ఒకసారి పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒకామె ఇత్తడి బిందె అడిగింది.

"ఇది నీకు యాలమ్మా?" అన్నాడు మామ. మా వైపు యాల అంటే ఎందుకు అని.

"పాతది కారతాండాదప్పా."

"యాడ కారతాండాది? అడుగునా, అంచునా?"

"అడుగున."

"అడుగున కారితే సిల్లికి మాటేపిచ్చుకో. ఇంగా పదేండ్లు వస్తాది. దీనికోసరం కొత్త బిందె కొని బస్సులో మోసుకోని పోతావా? పో, పో."

ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ ఆర్నెల్లకు వచ్చింది, వెంట నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుని, కొత్తగా కాపురం పెడుతున్న మరిది ఇంటికి సామానంతా కొనడానికి. రెడ్డెప్ప వద్దన్నాడంటే వద్దు, తీసుకోమన్నాడంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు అని చుట్టుపక్కల నమ్మకం. కలికిరి నుంచి, పెద్దతిప్పసముద్రం నుంచి కూడా ఆ అంగడే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. "వద్దని సెప్పి సంసారం సేసేవాడు ఈయప్ప ఒగడే" అనేవాడు మా నాన్న.

నేను ఆయన్ను రోజూ ఎనిమిది గంటలు చూసేవాణ్ణి. ఆయన గిరాకీ మొహం వైపు కాకుండా చేతుల వైపు చూసి మాట్లాడటం, "యాల" అన్నప్పుడు గడ్డం ఒక పక్కకు తిప్పడం, వద్దన్న తర్వాత పాత్రను తనే ఒకసారి తుడిచి మళ్ళీ అరలో పెట్టడం, ఇవన్నీ నాకు తెలియకుండానే నా ఒంట్లోకి వచ్చేశాయి.

కుప్పం జట్టులో

ఎండాకాలం వస్తే మా వైపు ఊరూరా భారతం జరుగుతుంది. రోజుల తరబడి హరికథలు, వీధి నాటకాలు. ఆఖరి రోజు పొద్దున ఆరుబయట ఇంత పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ దాని చుట్టూ పరుగులు పెట్టి గదాయుద్ధం చేస్తారు. అంగడి ఎగ్గొట్టి నేను కుప్పం జట్టులో చేరాను. ఇచ్చిన వేషం హాస్యగాడు. జట్టును నడిపే ఆయన్ను అందరం వాద్యారు అనేవాళ్ళం. ఆయన అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

నటనలో నేను చదివిన కాలేజీ కుప్పమే. ముందు తెలుగువాళ్ళు, ఒక పక్క తమిళం మాట్లాడేవాళ్ళు, ఇంకో పక్క కన్నడం వాళ్ళు. మాటతో ఒక వైపు నవ్వితే మిగతా రెండు వైపులా తెల్లమొహాలు. "మాట కడాకు రావల్లరా. ముందు నువ్వు నిలబడింది సూసి నవ్వల్ల" అనేవాడు వాద్యారు. ఇప్పటి పిల్లలు పంచ్ డైలాగు కోసం రచయిత చుట్టూ తిరుగుతుంటే నాకు ఆయన గుర్తొస్తాడు. డైలాగు లేకుండా నవ్వించలేనివాణ్ణి డైలాగు ఏం కాపాడుతుంది?

మా జట్టులో ఒక కట్టుబాటు ఉండేది. హాస్యగాడు జనంలో ఉన్న ఎవరినైనా పేరు పెట్టి పిలిచి ఎగతాళి చేయవచ్చు, సర్పంచినైనా సరే. కానీ ఆ మనిషి లేచి తిరిగి ఒక మాట అనేదాకా ఆట ముందుకు పోకూడదు. ఆయన మాటకు జనం నవ్వితే హాస్యగాడు తలగుడ్డ తీసి వంగి ఒప్పుకోవాలి. ఎదురుగా లేనివాణ్ణి అసలు అనకూడదు.

ఒక ఏడు పుంగనూరు భారతానికి రెడ్డెప్ప మామ వచ్చాడు. దుర్యోధనుడి బొమ్మ పక్కన జనంలో నిలబడి ఉన్నాడు. నాకు నోరు ఊరుకోలేదు.

"మదనపల్లెలో రెడ్డెప్ప అంగడికి పోయి బిందె అడిగితినప్పా. బిందె యాలప్పా, దప్పి తగ్గించుకో అన్నాడు!"

జనం గొల్లుమన్నారు. అందరూ ఆయన వైపు తిరిగారు. మామ మొహంలో ఏమీ కదల్లేదు. నవ్వు తగ్గేదాకా ఆగాడు. అప్పుడు అన్నాడు.

"నీకు బిందె యాలప్పా? తలకాయ ఉండాది కదా. ఖాళీదే!"

నాకంటే ఆయనకే రెట్టింపు నవ్వు వచ్చింది. తలగుడ్డ తీసి వంగాను. మర్నాడు అంగట్లో ఆయన నన్ను చూసి గడ్డం పక్కకు తిప్పాడు. అది ఆయన లెక్కలో నవ్వడం.

నవ్వు కోసం ఆగడం

హైదరాబాదుకు ఎలా పోయానో, ఎన్ని రోజులు ఎవరి గదిలో నేల మీద పడుకున్నానో ప్రతి నటుడూ చెబుతాడు, అందుకని నేను చెప్పను. కేబుల్ టీవీ ఊళ్ళలోకి కొత్తగా వస్తున్న రోజుల్లో ఒక వారం వారం వచ్చే హాస్య సీరియల్లో నాకు వేషం దొరికింది. ఒకే ఇంట్లో వేరువేరు వాటాల్లో అద్దెకుండే జనం కథ. నాది పక్క వాటా మనిషి వేషం. తలుపు తీసి ఒక మాట అని తలుపు వేసేయాలి, అంతే.

మొదటి వారమే దర్శకుడు ప్రభాకరం గారు కట్ చెప్పి నా దగ్గరకు వచ్చారు. ఆయన కోపిష్ఠి, కానీ పని తెలిసిన మనిషి.

"డైలాగు మరిచిపోయావా?"

"లేదండీ."

"మరి మధ్యలో ఎందుకు ఆగావు?"

"నవ్వుతారని ఆగినానండీ."

సెట్టు మీద అందరూ అప్పుడు నవ్వారు. వీధి నాటకంలో నవ్వు ఎక్కడ వస్తుందో తెలిసినవాడు అక్కడ ఆగుతాడు, లేకపోతే తర్వాతి మాట వినబడదు. కెమెరా ముందు ఆగితే అది ఒట్టి ఖాళీ. ప్రభాకరం గారు నెల రోజులు తిట్టి నాకు ఆ అలవాటు మానిపించారు. ఆగకుండానే ఆగినట్టు కనిపించడం నేర్పారు. కంటిరెప్ప వేసేంత సేపు చాలు. నాకు ఉద్యోగం నిలబెట్టింది ఆ రెప్పపాటే.

కానీ వేషానికి పేరు రాలేదు. మూడు నెలలకు నన్ను తీసేస్తారని తెలిసింది. మేకప్ గదిలో కూర్చుని బాధ పోగొట్టుకోవడానికి రెడ్డెప్ప మామను చేశాను. బిందె, చిల్లికి మాటు వేయించుకోవడం, బస్సులో మోసుకుపోవడం, అన్నీ. మేకప్ ఆయన చేతిలో పౌడరు డబ్బా కింద పడింది. తలుపు దగ్గర ప్రభాకరం గారు నిలబడి ఉన్నారు.

"ఎవరిది ఇది?"

"మా ఊళ్ళో ఒక మామదండీ."

"రేపటి నుంచి నీది."

ఆ రోజు నాకు రాని ఆలోచన ఒకటుంది. అది ఇచ్చే హక్కు ఆయనకూ లేదు, తీసుకునే హక్కు నాకూ లేదు.

గంగులప్ప

పక్క వాటా మనిషి గంగులప్ప అయ్యాడు. కింద వీధి గదిలో ఫ్యాన్సీ అంగడి పెట్టుకున్న సీమ మనిషి. ఎవరు ఏం అడిగినా గడ్డం పక్కకు తిప్పి "ఇది నీకు యాల?" అంటాడు. మొదటి వారం నేను అసలు మామను ఉన్నట్టే చేశాను. ఎందుకు వద్దంటున్నాడో చెప్పాను. ప్రభాకరం గారు అది తీసేశారు. కారణం చెబితే నిడివి పెరుగుతుంది, నవ్వు తగ్గుతుంది అన్నారు. ఆయన అన్నది నిజమే. కారణం తీసేశాక నవ్వు మూడింతలైంది. గంగులప్ప లేచి వస్తువు తీయడానికి బద్ధకించే సోమరిగా, పెళ్ళానికి రిబ్బను ముక్క కూడా కొనివ్వని పిసినారిగా తయారయ్యాడు. నడక మామది, గొంతు మామది, చేతులు మామవి. బుద్ధి మాత్రం మేము అంటించింది.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గట్టిగా పట్టుకోవాలి. మనిషి ఎలా నడుస్తాడో తీసుకుని ఎందుకు నడుస్తాడో వదిలేస్తే అది పాత్ర కాదు. దొంగసొత్తు. నేను ఆ పని చేశాను కనుక చెప్పగలను.

ఆర్నెల్లలో ఆ మాట రాష్ట్రమంతా పాకింది. ఆటోవాళ్ళు అన్నారు, బళ్ళలో పంతుళ్ళు అన్నారు. ఒక బట్టల దుకాణం వాళ్ళు "ఇది నీకు యాల అని మేము అనం, రండి" అని బోర్డు కూడా రాయించారు. నేను రోడ్డు మీద నడిస్తే జనం గడ్డాలు పక్కకు తిప్పేవాళ్ళు. ఆ సంతోషం ఎలాంటిదో దాచుకోను. ఇంగ్లీషు తప్పిన తాళ్ళ అంగడి కొడుకును చూసి విజయవాడ బస్టాండులో కదిలిన బస్సు ఆగింది. ఆ రోజులు మళ్ళీ వస్తాయంటే ఇప్పటికీ ఎదురెళ్ళి నిలబడతాను.

మామ సంగతి నాకు గుర్తు లేదని కాదు. గుర్తుంది. ఆయన గర్వపడుతున్నాడనే అనుకున్నాను. పుంగనూరులో అంత మందిలో అంటే గడ్డం తిప్పి ఊరుకున్నవాడు, రాష్ట్రమంతా అంటే ఇంకెంత సంబరపడాలి? పల్లె ఆటకు పెట్టిన లెక్కే టీవీకీ పెట్టేశాను.

మదనపల్లెలో కారు దిగితే

పేరు వచ్చాక మొదటిసారి ఊరికి వెళ్ళినప్పుడు నేరుగా రెడ్డెప్ప మామ అంగడికే పోయాను. కారు దిగేసరికి బజారంతా వెంట వచ్చింది. అసలు గంగులప్ప, టీవీ గంగులప్ప ఒకచోట నిలబడితే ఎవరికి చూడాలని ఉండదు?

"రెడ్డెప్పా, ఒగసారి అనప్పా! అను!" అని వెనక నుంచి అరుస్తున్నారు.

మామ నన్ను చూసి, "బాగుండావా అప్పా?" అన్నాడు. "బాగుండాను మామా" అన్నాను. అంతలో ఒక ముసలామె జనాన్ని తోసుకుని వచ్చి పెద్ద అల్యూమినియం గిన్నె అడిగింది. చింతపండు పులుసు కాయడానికట.

బజారంతా ఊపిరి బిగబట్టింది. అల్యూమినియంలో పులుసు కాచకూడదని మా వీధిలో చెప్పిందే ఆయన. ఆయన గడ్డం ఇప్పుడు తిరుగుతుంది, ఇప్పుడు తిరుగుతుంది అని అందరూ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. మామ గిన్నె తీశాడు. పాత పేపరులో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంగేమన్నా కావల్నామ్మా?" అన్నాడు.

జనం ఉసూరుమన్నారు. అందరూ చెదిరిపోయాక ఆయన ముందు నిలబడి, "మామా, నన్ను ఒగ మాట అను. ఏమన్నా అను" అన్నాను.

"యాడ నిలబడి అనేదప్పా?" అన్నాడు. "నీకైతే టీవీ ఉండాది."

కోపంగా అనలేదు. సరుకు ధర చెప్పినట్టు చెప్పాడు. నేను ఏదో నవ్వి, టైమవుతోందని కారెక్కాను. నా వృత్తి జీవితంలో అంత చెడ్డగా నేను ఎక్కడా నటించలేదు.

తర్వాత అమ్మ చెప్పింది. ఆయన ఎవరినీ ఏమీ అడగడం లేదట. ఆకతాయిలు అంగట్లోకి వచ్చి, అక్కర్లేని వస్తువు అడిగి, ఆ మాట అనిపించి, పగలబడి నవ్వుతూ పోయేవాళ్ళట. నిజంగా కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఆయన మంచి చెబితే సీరియల్ అనుకుని నవ్వేవాళ్ళట. కొన్నాళ్ళకు ఆయన నోరు కట్టేసుకున్నాడు. అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తున్నాడు. వ్యాపారం పెరిగింది. "నీ పుణ్యమా అని రెడ్డెప్ప బాగుపడినాడు" అని నాకు చెప్పి మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. మా అమ్మ మాత్రం వంటింట్లో మూల ఉన్న పెద్ద గుండిగ చూపించింది. "మనం ముగ్గురం. ఇది నాకు అక్కరలేదని ఆయప్ప ముందైతే తిట్టి పంపుండేవాడు. తీసుకోమ్మా అని ఇచ్చేసినాడురా" అంది. అమ్మ గొంతులో బాధ గుండిగ గురించి కాదు.

నా గొంతు లేని నా సినిమా

అప్పటికే సినిమాలు పిలిచాయి. పిల్లలు ఎక్కువగా అడిగేది దీని గురించే కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి సినిమాలో నాకు మూడు సీన్లు. హీరో ఇంటి యజమానిని. పుంగనూరులో విడుదల రోజు మా వీధి వీధంతా మార్నింగ్ షోకు వచ్చింది. నేను తెర మీదకు రాగానే ఈలలు, కాగితాలు. నోరు తెరిచాను. గొంతు నాది కాదు. ఎవరో గోదావరి జిల్లా ఆయన నా నోటితో గలగలా మాట్లాడేస్తున్నాడు. యాస జనానికి అర్థం కాదని, నాకు చెప్పకుండానే డబ్బింగ్ ఇంకొకరితో చెప్పించారు.

ఈలలు ఆగిపోయాయి. చీకట్లో మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీ గొంతుకేమైందిరా? జలుబా?"

"అవునమ్మా" అన్నాను.

రెండో సినిమాకు దర్శకుడు మారాడు. "యాసంతా వద్దు, ఆ ఒక్క మాట చాలు" అన్నాడు. మూడో సినిమాకూ అదే, పదో సినిమాకూ అదే. హీరో బాంబులు తెస్తే "ఇది నీకు యాల?", హీరోయిన్ పూలు తెస్తే "ఇది నీకు యాల?" రచయితలకు సుఖం, నాకు తిండి. ఒకసారి తండ్రి వేషం అడిగాను, ఏడ్చే సీను ఒకటి ఉంది. మీరు ఏడిస్తే కూడా నవ్వుతారండీ అన్నారు. వాళ్ళ తప్పు లేదు. జనం ఎక్కడ నవ్వారో అక్కడే నన్ను గొయ్యి తీసి పాతారు, గొయ్యి తవ్విన పార నాదే.

అలా అని సినిమాను తిట్టను. ఔట్‌డోర్‌లో పొద్దున్నే ఇడ్లీ పొగలు, లైట్ల వాళ్ళ కేకలు, మేకప్ పడ్డ మొహానికి తగిలే చల్లగాలి, ఇవి తలుచుకుంటే ఈ రోజుకూ కడుపు నిండుతుంది. కానీ ఎన్ని సినిమాలు చేసినా, ఊరికి వచ్చినప్పుడల్లా ఆ అంగడి ముందు నా కాళ్ళు ఆగేవి. లోపలికి పోయి కూర్చునేవాణ్ణి. ఆయన కాఫీ తెప్పించేవాడు. గిరాకీ వస్తే అడిగింది ఇచ్చేవాడు. ఆయన నోట మళ్ళీ ఒక్క "వద్దు" వినాలని నాకు ఉండేది. ఇరవై ఏళ్ళలో వినలేదు.

మైకు

వేషాలు తగ్గి పుంగనూరుకు వచ్చేశాక కుప్పంలో నాటకాల వాళ్ళు నాకు సన్మానం పెట్టారు. వస్తాను గానీ నాతో ఒక మనిషి వస్తాడు, ఆయనకు మైకు ఇవ్వాలి అన్నాను. మదనపల్లె పోయి మామను కారులో ఎక్కించుకున్నాను. అప్పటికి ఆయనకు ఎనభై దగ్గర. పుంగనూరు దాటాక చెప్పాను.

"మామా, ఈ పొద్దు అందరి ముందర నువ్వు నన్ను అనాల."

"ఏమనాల?"

"నీ ఇష్టం."

పలమనేరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పలమనేరులో అడిగాడు. "మైకు సేత్తో పట్టుకోవల్నా?"

సభలో నేను దండ వేయించుకోలేదు. మా జట్టు కట్టుబాటు చెప్పాను. ఈ మనిషిని ఆయన ఎదుట లేకుండా ఇరవై ఏళ్ళు అన్నాను, ఆయన తిరిగి అనేదాకా ఆట ముందుకు పోదు అని చెప్పి పక్కకు తప్పుకున్నాను.

మామ మెట్లెక్కి వచ్చి మైకు తీసుకుని బల్ల మీద పెట్టేశాడు. ఎవరిదో నల్లద్దాలు అడిగి పెట్టుకున్నాడు. తల వంచి, చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, గోడవారగా నడవడం మొదలుపెట్టాడు. నేనే. మదనపల్లె బజారులో జనం గుర్తుపట్టకుండా పోయే నేను. నాలుగడుగులు వేశాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. చేతిగుడ్డ కొంచెం దించాడు. ఇంకా ఎవరూ చూడలేదు. ఆగి, అద్దాలు తీసి, తీరుబడిగా తుడిచాడు. దగ్గాడు. ఊహూ. చివరికి చేతికి గడియారం ఉండగానే ఒకాయన దగ్గరకు పోయి, వీధంతా వినబడేలా, "టైమెంతప్పా?" అన్నాడు.

హాలు కూలిపోయింది. తెలుగువాళ్ళు, తమిళం వాళ్ళు, కన్నడం వాళ్ళు, అందరూ. నా చెవులు కాలిపోయాయి. ఎందుకంటే అది నిజం. అలా చేస్తానని నాకే తెలియదు, ఆయన అంగట్లో కూర్చుని ఇన్నేళ్ళూ చూశాడు. ఆయన నవ్వు తగ్గేదాకా ఆగడం కూడా గమనించాను. నాకంటే మంచి నటుడు. తలగుడ్డ లేదు, ఒట్టి తల వంచాను.

తిరుగు దారిలో తేలికగా ఉంది. ఇద్దరికీ చెల్లు అనుకున్నాను. మర్నాడు ఆయన అంగడికి పోయి ఒక గంట కూర్చున్నాను. ఇద్దరు వచ్చారు, అడిగింది ఇచ్చి పంపాడు. ఏమీ మారలేదు.

నల్లద్దాలు

మారింది నాకు. సభలో ఎవరో ఫోనులో తీసిన వీడియో వారం తిరిగేసరికి ఊళ్ళన్నీ తిరిగింది. నేను రోడ్డెక్కితే "టైమెంతప్పా?" అని అరుపులు. కూరగాయల దగ్గర, బస్టాండులో, ఆసుపత్రిలో. మొదట్లో నవ్వాను. రెండో నెలకు నవ్వు రాలేదు.

సరిగ్గా అప్పుడే నా కంట్లో శుక్లం తీశారు. బయటికి పోతే నల్లద్దాలు పెట్టుకోవాలని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. పెట్టుకుని మదనపల్లె బజారులో నాలుగడుగులు వేశాను. ఒక్కసారిగా వీధంతా నవ్వింది. తీసి జేబులో వేసుకున్నాను. ఎండకు కన్ను కారడం మొదలైంది. కారుతూనే మామ అంగట్లోకి పోయి కూర్చున్నాను.

"కన్నేందప్పా, అట్ల ఎర్రగుండాది?"

"ఆపరేషన్ మామా."

"అద్దాలియ్యలేదా?"

"ఇచ్చినారు. పెట్టుకుంటే నవ్వతాండారు."

మామ నా వైపు తిరిగాడు. చేతుల వైపు కాదు, మొహం వైపు చూశాడు.

"నవ్వేవోళ్ళు నవ్వతారు. దానికని కన్ను పోగొట్టుకుంటావా?"

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "నువ్వు నోరు పోగొట్టుకోలేదా మామా, నా వల్ల?" అన్నాను. అన్న తర్వాత ఏడుపు వచ్చింది. సినిమాలో ఇవ్వలేదు గానీ, ఆ రోజు అంగట్లో బాగానే ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు.

ఆయన లేచి గ్లాసులు తుడవడం మొదలుపెట్టాడు. అంతలో ఒక అమ్మాయి వచ్చింది, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, మెడలో కార్డు వేలాడుతోంది. పై అరలో ఉన్న పది లీటర్ల కుక్కరు చూపించి అదే కావాలంది. మామ స్టూలెక్కి అట్టపెట్టె దించాడు. దుమ్ము తుడిచాడు. ఆమె చేతికి ఇవ్వబోయి ఆగాడు.

"ఇంట్లో ఎంతమంది ఉండారమ్మా?"

"నేనొక్కదాన్నే తాతా. రూములో ఉంటా."

"ఒగ మనిషికి పది లీటర్లా? పప్పు అడుగున అంటుకోనే పోతాది. అన్నం ఎట్ల వండుకుంటాండావు ఇప్పుడు?"

"ఫ్రెండ్ దగ్గర చిన్న కుక్కరు తెచ్చుకున్నా."

"అది బాగుండాదా?"

"బాగానే ఉంది. విజిల్ సరిగా రాదు."

"రబ్బరు మార్పిచ్చు. ఆ మూలంగట్లో ఏస్తారు."

ఆ అమ్మాయి ఫోను చూడలేదు, నవ్వలేదు. ఆ వేషం, ఆ సీరియల్ ఆమెకు ఊహ తెలియకముందువి. "సరే తాతా" అని, రబ్బరు ఏ సైజు అడగాలో ఇంకోసారి అడిగి తెలుసుకుని, ఒట్టి చేతులతో వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ అంగట్లోంచి ఒక మనిషి ఏమీ కొనకుండా వెళ్ళింది. మామ అట్టపెట్టెను మళ్ళీ స్టూలెక్కి పై అరలో పెట్టుకుంటున్నాడు. నేను సాయానికి లేచాను, నన్ను పట్టుకోనివ్వలేదు.